అపహరణ, హత్య కేసు తీర్పును చదవడం ఎలా: రంగా–బిల్లా కేసు తోడుగా

పిల్లల అపహరణ, హత్య కేసులో తీర్పు వెలువడిన మరునాడు పత్రికలో మనకు దొరికేది శిక్ష ఏమిటన్న ఒక్క ముక్క, కోర్టు మెట్ల మీద కూలబడిన తల్లి ఫొటో. ఆ శిక్ష ఏ సాక్ష్యం మీద నిలబడిందో, ప్రాసిక్యూషన్ చెప్పినవాటిలో ఏది నెగ్గిందో, ఏది రాలిపోయిందో తెలియాలంటే తీర్పు ప్రతిని దగ్గర పెట్టుకుని చదవడం తప్ప వేరే దారి లేదు. ఆ పని కనిపించినంత కష్టమైనది కాదు గాని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నవల చదివినట్టు చదివితే మాత్రం ఏమీ తేలదు. లా విద్యార్థులకు, కోర్టు వార్తలు కొత్తగా రాస్తున్నవారికి, అంతకంటే ముఖ్యంగా ఇలాంటి కేసులో ఫిర్యాదిగానో సాక్షిగానో నిలబడవలసి వచ్చిన కుటుంబాలవారికి ఉపయోగపడేలా, ఆ చదివే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణగా 1978లో ఢిల్లీలో జరిగిన గీతా చోప్రా, సంజయ్ చోప్రాల హత్య కేసును తీసుకుంటున్నాను, దోషులుగా తేలిన ఇద్దరి పేర్ల మీద దాన్నే రంగా–బిల్లా కేసు అంటారు. చట్టం ప్రకారం నేర బాధితులైన పిల్లల పేర్లను ఈ రోజుల్లో బయట పెట్టకూడదు. అయితే ఆ ఇద్దరి పేర్ల మీదే జాతీయ సాహస బాలల పురస్కారాలు వెలిసి, దశాబ్దాలుగా ఇస్తూ వచ్చారు కాబట్టి వాటిని దాచడంలో అర్థం లేదు. తెలుగునాట కేసులను ప్రస్తావించిన చోట మాత్రం పేర్లు రాయడం లేదు.

ముందుగా తీర్పు ప్రతిని సంపాదించాలి. జిల్లా కోర్టుల తీర్పులు ఈ–కోర్ట్స్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. కేసుకు ఉండే పదహారు అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు తెలిస్తే క్షణాల్లో పని అవుతుంది, తెలియకపోతే సెషన్స్ కేసు నంబరు, సంవత్సరం చాలు. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులు ఆయా కోర్టుల సైట్లలోనే ఉచితంగా ఉంటాయి. పిల్లల మీద లైంగిక నేరాలకు వర్తించే పోక్సో చట్టం కింద నడిచిన కేసుల్లో పేర్లు తొలగించిన ప్రతులే బయటికి వస్తాయి, కొన్నిసార్లు అవీ రావు. కుటుంబ సభ్యులైతే వకీలు ద్వారా సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవడం మేలు, ఎందుకంటే అప్పీలుకు ఎలాగూ అదే కావాలి.

వెనుక నుంచి మొదలుపెట్టండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సెషన్స్ కోర్టుల తీర్పులకు చివర సాక్ష్యాల అనుబంధం ఒకటి ఉంటుంది. అందులో ప్రాసిక్యూషన్ సాక్షులు పి.డబ్ల్యూ.1 నుంచి వరుసగా, పత్రాలు ఎక్స్.పి.1 నుంచి, వస్తువులు ఎం.ఓ.1 నుంచి నమోదై ఉంటాయి. ముద్దాయి తరఫు సాక్షులుంటే డి.డబ్ల్యూ. అని వేరేగా రాస్తారు, చాలా కేసుల్లో ఆ గడిలో "లేరు" అనే ఉంటుంది. తీర్పు చదవడానికి ముందు ఈ జాబితాను ఒక కాగితం మీద మీ చేత్తో రాసుకోండి. నేను కోర్టు వార్తలు రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఈ పేజీలను అట్ట వెనుక అట్టలా చూసి వదిలేసేవాణ్ణి. ఒకసారి పి.డబ్ల్యూ.9 చెప్పినదాన్ని పి.డబ్ల్యూ.19 నోట పెట్టి వార్త రాసి, ఎడిటర్ చేత చీవాట్లు తిన్నాక గాని ఆ జాబితా విలువ తెలిసిరాలేదు.

జాబితా రాసుకున్నాక ఒక్కొక్క సాక్షి ఎదురుగా ఒకే ఒక తేదీ వేయండి: ఈ సాక్ష్యం ఎప్పుడు పుట్టింది? సాక్షి కోర్టులో బోనెక్కిన తేదీ మనకు అక్కర్లేదు, ఆ సమాచారం మొదటిసారిగా ఏదో ఒక కాగితం మీదికి ఎక్కిన తేదీ, వీలైతే గంట కావాలి. ఆ తేదీ ముద్దాయి ఎవరో పోలీసులకు తెలియక ముందుదా, తెలిసిన తర్వాతదా అన్నదాన్ని బట్టి కాగితాన్ని రెండు నిలువు గడులుగా విడగొట్టండి. నా దృష్టిలో ఈ రకం కేసులను చదవడంలో ఇంతకు మించిన సాధనం లేదు. ముద్దాయి పేరే తెలియని రోజున అపరిచితుడు రాయించిన మాటను ఆ ముద్దాయి మీద కక్షతో కల్పించారని అనడానికి వీలుండదు. అరెస్టు తర్వాత దొరికిన వస్తువుకూ, పుట్టిన సాక్ష్యానికీ ఆ రక్షణ లేదు. అవి నిజమే అయి ఉండవచ్చు, కానీ వాటిని మరింత గట్టిగా తట్టి చూడాలి.

ఢిల్లీ కేసును ఈ రెండు గడుల్లో పెట్టి చూద్దాం

1978 ఆగస్టు 26, శనివారం. నౌకాదళంలో కెప్టెన్‌గా ఉన్న మదన్ మోహన్ చోప్రా పిల్లలు గీత, సంజయ్ ధౌలాకువాలోని ఇంటి నుంచి సాయంత్రం ఆరుంబావు ప్రాంతంలో బయలుదేరారు. ఆమెకు పదహారు దాటాయి, తమ్ముడికి పద్నాలుగు. పార్లమెంటు వీధిలోని ఆకాశవాణి భవనంలో యువవాణి కార్యక్రమంలో గీత పాల్గొనవలసి ఉంది. వాన పడుతోంది. దారిలో ఒక డాక్టరు తన కారులో ఎక్కించుకుని గోల్ డాక్‌ఖానా దగ్గర దింపాడు. కార్యక్రమం వేళకు తల్లిదండ్రులు ఇంట్లో రేడియో పెట్టుకుంటే వినిపించింది కూతురి గొంతు కాదు. తర్వాత ఆకాశవాణికి వెళ్లి విచారిస్తే ఆ అమ్మాయి అసలు రానే లేదన్నారు.

ఇప్పుడు మొదటి గడి. పిల్లలు దిగిన కొద్ది నిమిషాలకే ఒక ఫియట్ కారులోంచి అమ్మాయి కేకలు విన్న ఒక వ్యక్తి పోలీసు కంట్రోల్ రూముకు ఫోను చేశాడు. స్కూటరు మీద పోతున్న జూనియర్ ఇంజనీరు ఒకాయన అదే కారును వెంబడించి, లోపల ఒక అబ్బాయి నెత్తురోడుతూ సైగలు చేయడాన్ని, అమ్మాయి డ్రైవరుతో పెనుగులాడటాన్ని చూసి, కారు అందకుండా పోయాక రాజేంద్రనగర్ పోలీసు స్టేషనుకు వెళ్లి నంబరుతో సహా చెప్పాడు. అదే రాత్రి విల్లింగ్డన్ ఆసుపత్రికి, ఇప్పుడు రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిగా ఉన్నదానికి, తలకు గాయమైన ఒక మనిషి వచ్చి, వేరే పేరు చెప్పి కట్టు కట్టించుకుని పోయాడు. 28న రిడ్జ్ అడవిలో పశువులు కాసుకునే ఒకతను మృతదేహాలను చూశాడు. 31న మజ్లిస్ పార్కులో కారు దొరికింది. అది దొంగిలించినది, దానికి తగిలించిన నంబరు ప్లేటు బూటకపుది. ఈ ఆరు రోజుల్లో పుట్టిన కాగితాల్లో ఒక్కదానిలోనూ రంగా అనే పేరు గాని బిల్లా అనే పేరు గాని లేదు.

తర్వాత రెండో గడి. జస్బీర్ సింగ్ అనే బిల్లా, కుల్జీత్ సింగ్ అనే రంగా సెప్టెంబరు 8న కాల్కా మెయిల్‌లో ఆగ్రా ప్రాంతంలో సైనికులకు కేటాయించిన పెట్టెలోకి ఎక్కి, అక్కడి జవాన్లకు దొరికిపోయారు. పత్రికల్లో అప్పటికే ఇద్దరి ఫొటోలు వచ్చి ఉన్నాయి. బిల్లా మేజిస్ట్రేటు ముందు నేరాంగీకార వాంగ్మూలం ఇచ్చి, తర్వాత దాన్ని వెనక్కు తీసుకున్నాడు. కారులో దొరికిన వేలిముద్రలను, వెంట్రుకలను, రక్తపు మరకలను పోల్చి చూసిన నిపుణుల నివేదికలు వచ్చాయి.

ఇక ఈ రెండు గడులను పక్కపక్కన పెట్టి చూడండి. పిల్లలతో కారులో పెనుగులాట జరిగిందన్నది సాక్షులు చెప్పారు, పెనుగులాటలో తగిలి ఉండదగిన గాయం అదే రాత్రి ఆసుపత్రి రికార్డులో ఉంది, ఆ కారు దొరికింది, కారులోని ముద్రలు అరెస్టయిన మనుషులవని తేలింది. అరెస్టు తర్వాతి సాక్ష్యం అరెస్టుకు ముందటి సాక్ష్యంలోకి తాళంచెవి తాళంలోకి పోయినట్టు పోయింది. వాంగ్మూలాన్ని పూర్తిగా పక్కన పెట్టి చదివినా కథ కుప్పకూలదు. ప్రాసిక్యూషన్ బలమంతా అక్కడ ఉందని నా అభిప్రాయం. ఇలా చదివినప్పుడు మరొక సంగతి కూడా కంట్లో పడుతుంది: సమాచారం గంటలోపే పోలీసులకు అందింది, అయినా కారు ఆ రాత్రి దొరకలేదు. నేరాన్ని రుజువు చేసిన కాగితాలే పిల్లలను కాపాడే అవకాశం ఎక్కడ చేజారిందో కూడా చెబుతున్నాయి. ఏ స్టేషను పరిధి అన్న ప్రశ్న లేకుండా ఎక్కడైనా ఫిర్యాదు తీసుకోవాలన్న జీరో ఎఫ్.ఐ.ఆర్. పద్ధతి, పాత నేర విచారణ స్మృతి స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌తో చట్టంలోకి ఎక్కింది 2024 జూలై నుంచి మాత్రమే.

చిన్న చిన్న తేడాలు కనిపిస్తే కంగారు పడవద్దు. వానలో, సందెచీకటిలో, వేగంగా పోయే కారు నంబరును ఇద్దరు చూసి ఒక అక్షరం అటూ ఇటుగా చెప్పడం సహజం. ఇద్దరూ చివరి చుక్క దాకా ఒకేలా చెబితేనే అనుమానించాలి. డిఫెన్సు వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ తేడాలను ఎంత ఊదరగొట్టినా, జడ్జి వాటిని కేసు పునాదికి తగిలే తేడాలా, జ్ఞాపకం తప్పిన తేడాలా అని వేరు చేసి రాస్తారు. ఆ పేరా తీర్పులో తప్పక వెతికి చదవండి.

"నేరం ఒప్పుకున్నాడు" అన్న మాటను ఎలా చదవాలి

తెలుగు పత్రికల్లో, టీవీల్లో అరెస్టు రోజునే వినిపించే వాక్యం "పోలీసు విచారణలో నిందితుడు నేరం అంగీకరించాడు" అన్నది. ఆ వాక్యానికి కోర్టులో విలువ సున్నా. పోలీసుకు చెప్పిన నేరాంగీకారం సాక్ష్యం కాదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది, దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. మేజిస్ట్రేటు ముందు ఇచ్చినదైతే వేరు. అది కూడా స్వచ్ఛందంగా ఇచ్చినదేనా, ఆలోచించుకునే సమయం ఇచ్చారా, తర్వాత వెనక్కు తీసుకుంటే ఇతర సాక్ష్యాలు దాన్ని బలపరుస్తున్నాయా అని జడ్జి పరీక్షించాలి. బిల్లా వాంగ్మూలం ఈ రెండో కోవకు చెందినది.

అయితే పోలీసుకు చెప్పినదాంట్లోంచి ఒక చిన్న ముక్క మాత్రం కోర్టులోకి వస్తుంది. ఆ ముక్క ఎంతవరకు అన్నది దేశం మొత్తానికి నేర్పిన కేసు మన గుంటూరు జిల్లాది, ఈ సంగతి చాలామంది తెలుగు పాఠకులకు తెలియదు. పులుకూరి కోటయ్య కేసుగా ప్రసిద్ధమైన ఆ తీర్పును 1946 డిసెంబరులో, బ్రిటిష్ పాలనలో మన కోర్టులకు ఆఖరి అప్పీలు కోర్టుగా ఉన్న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఇచ్చింది. ముద్దాయిల్లో ఒకడు పోలీసులకు చెప్పింది స్థూలంగా ఇది: పొద్దుగూకే వేళ పులిపాడు చెరువు మూలన మాటు వేశాం, అందరం కలిసి వాళ్లను కొట్టి చంపాం, మా పక్షంవాడు బల్లెం నాకు ఇచ్చాడు, దాన్నీ నా కర్రనూ ఊళ్లో గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను. ఇందులో చివరి రెండు ముక్కలు, వాములో దాచాను, వస్తే చూపిస్తాను అన్నవి మాత్రమే చెల్లుతాయనీ, చంపాం అన్న మాట పనికిరాదనీ ప్రివీ కౌన్సిల్ తేల్చింది. వస్తువు దొరకడం వల్ల రుజువయ్యేది, అది అక్కడ ఉన్నదని ఈ మనిషికి తెలుసునన్న ఒక్క విషయమే. ఆ వస్తువుతో ఏం చేశాడన్నది వేరే సాక్ష్యంతో రుజువు చేసుకోవాలి.

కాబట్టి తీర్పులో "ముద్దాయి చూపగా స్వాధీనం" అన్న పేరా రాగానే నాలుగు సంగతులు చూసుకోండి. ఆ చోటు అంతకు ముందే పోలీసులకు తెలుసా? అది అందరూ తిరిగే బహిరంగ స్థలమా, ముద్దాయికి మాత్రమే తెలిసే మూలా? పంచనామాకు మధ్యవర్తులుగా వచ్చినవారు, వి.ఆర్.వో.లో ఊరి పెద్దలో, కోర్టులో నిలబడి చెప్పారా, లేక సంతకం మాత్రమే నాది అని అడ్డం తిరిగారా? స్వాధీనమైన వస్తువును సీలు వేసి ల్యాబుకు పంపడానికి మధ్య ఎన్ని రోజులు గడిచాయి, ఆ రోజుల్లో అది ఎవరి చేతిలో ఉంది? మా జిల్లా కోర్టులో నేను చూసిన కేసుల్లో మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువ పంచనామాలు కుంటుపడేవి.

కొందరు మనుషుల మధ్య నిలబెట్టి ముద్దాయిని సాక్షి చేత గుర్తుపట్టించే గుర్తింపు పరేడ్ విషయంలోనూ ఇటువంటి జాగ్రత్తే కావాలి. ముద్దాయి ఫొటో ముందే పత్రికల్లో వచ్చి ఉంటే, సాక్షి గుర్తుపట్టింది ఆ రోజు చూసిన మనిషినా, పేపర్లో చూసిన బొమ్మనా అన్న వాదన తప్పక లేస్తుంది. ఫొటో వేయడం వల్ల మనిషి దొరుకుతాడు, అదే ఫొటో వల్ల పరేడ్ పలచబడుతుంది. రంగా, బిల్లాలు పట్టుబడినప్పుడు ఫొటోలు ఊరూరా తిరిగి ఉన్నాయి కాబట్టి, ఆ కేసులో వేలిముద్రలు, కారు, ఆసుపత్రి రికార్డు వంటి నోరులేని సాక్ష్యాలకు అంత బరువు వచ్చిందని గమనించవచ్చు.

గొలుసును తట్టి చూడటం

పిల్లలను ఎత్తుకుపోయి చంపిన కేసుల్లో చంపడాన్ని కళ్లారా చూసినవారు దాదాపు ఉండరు. అందుచేత తీర్పు మధ్యభాగమంతా పరిస్థితిజన్య సాక్ష్యం మీదే నడుస్తుంది. 1984లో శరద్ బిర్దీచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ఐదు సూత్రాలు మీకు ప్రతి తీర్పులోనూ ఎదురవుతాయి. వాటి సారం ఇది: ఒక్కొక్క సంగతీ "అయి ఉండవచ్చు" అన్న స్థాయిలో కాక "అయి తీరాలి" అన్న స్థాయిలో రుజువు కావాలి, ఆ సంగతులన్నీ ముద్దాయి దోషి అన్న నిర్ణయానికే సరిపోవాలి, ఖచ్చితంగా ఆ వైపే చూపాలి, వేరే వివరణకు చోటు మిగలకూడదు, గొలుసులో ఎక్కడా లంకె తెగకూడదు. సూత్రాలను జడ్జి ఉదహరించడం ఒక ఎత్తు, వాటిని కేసుకు అన్వయించడం మరో ఎత్తు. కొన్ని తీర్పుల్లో సూత్రాలకు మూడు పేజీలు, అన్వయానికి మూడు వాక్యాలు ఉంటాయి. అటువంటి తీర్పు కనిపిస్తే పైకోర్టులో ఏం జరిగిందో వెంటనే చూడండి.

గొలుసులో మొదటి లంకె సాధారణంగా "ఆఖరిసారి కలిసి కనిపించడం" అన్నది. బిడ్డను ముద్దాయితో ఫలానా చోట చూశామని ఎవరైనా చెబితే, ఆ గంటకూ మరణించిన గంటకూ మధ్య ఎంత ఎడం ఉందో లెక్క వేయండి. పోస్ట్‌మార్టం నివేదికలో మరణ సమయం ఒక అంచనాగానే ఉంటుంది, దాని రెండు హద్దులనూ రాసుకోండి. ఎడం గంటల్లో ఉంటే లంకె గట్టిది, రోజుల్లో ఉంటే మధ్యలో మరో మనిషి వచ్చి ఉండవచ్చన్న అనుమానానికి తావు దొరుకుతుంది. ఆ ఎడం తక్కువగా ఉన్నప్పుడే బిడ్డ ఏమైందో చెప్పవలసిన భారం ముద్దాయి మీదికి మళ్లుతుంది. పాత సాక్ష్య చట్టంలో 106వ సెక్షన్, కొత్తదాంట్లో 109వ సెక్షన్ దీనికి ఆధారం. కానీ ప్రాసిక్యూషన్ తన వంతు రుజువు చేసుకోకుండా ఈ సెక్షన్ వెనుక దాక్కోవడం కుదరదు. ముద్దాయిని జడ్జి నేరుగా ప్రశ్నించే ఘట్టం, పాత నేర విచారణ స్మృతిలో 313, ఇప్పటి నాగరిక సురక్షా సంహితలో 351, ఎక్కువమంది దాటేసి పోతారు. "అబద్ధం" అన్న ఒక్క మాటతో నలభై ప్రశ్నలకు జవాబు ఇచ్చాడా, లేక ఏదైనా వివరణ చెప్పాడా, చెప్పిన వివరణ అబద్ధమని తేలిందా అన్నది అక్కడే ఉంటుంది.

ఫోన్లు, సీసీ కెమెరాలు వచ్చాక గొలుసు రూపం మారింది. 2020 అక్టోబరులో మహబూబాబాద్‌లో తొమ్మిదేళ్ల బాలుణ్ణి ఎత్తుకుపోయి చంపి, ఆ తర్వాత కూడా ఇంటర్నెట్ కాల్స్‌తో తల్లిదండ్రులను డబ్బు అడిగిన కేసును చూడండి. 2023 సెప్టెంబరులో అక్కడి కోర్టు ముద్దాయికి మరణశిక్ష వేసింది. ఈ రకం కేసులో కాల్ రికార్డులు, కెమెరా దృశ్యాలు కోర్టుకు ఎలా వచ్చాయన్నది ముఖ్యం. ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరిస్తూ ఇచ్చే, పాత సాక్ష్య చట్టంలో 65–బి సర్టిఫికెట్ అనీ, ఇప్పుడు 63వ సెక్షన్ సర్టిఫికెట్ అనీ పిలిచే ఆ ఒక్క కాగితం లేకపోతే, దృశ్యం ఎంత స్పష్టంగా ఉన్నా దాన్ని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. ఎక్స్.పి. జాబితాలో అది ఉందో లేదో మీరు ముందే రాసుకున్న కాగితంలో కనిపిస్తుంది.

ఏ నేరానికి ఏ రుజువు

ఒకే ఘటన మీద నాలుగైదు సెక్షన్లు పెడతారు, ఒక్కొక్కదానికి రుజువు వేరు. హత్యకు పాత శిక్షాస్మృతిలో 302, భారతీయ న్యాయ సంహితలో 103. సాక్ష్యం మాయం చేయడానికి 201, ఇప్పుడు 238. వీటిలో పాఠకులు ఎక్కువగా తడబడేది డబ్బు కోసం అపహరించడాన్ని శిక్షించే 364–ఎ దగ్గర. అది ఇప్పుడు 140వ సెక్షన్ రెండో ఉపవిభాగం. ఎత్తుకుపోవడం, డబ్బు అడగడం రుజువైతే చాలదు, చంపుతామనో హాని చేస్తామనో బెదిరించినట్టు గాని, అలా చేస్తారన్న నమ్మదగిన భయం కలిగే ప్రవర్తన గాని, నిజంగా హాని చేసినట్టు గాని రుజువు కావాలి. హైదరాబాద్‌లో ఒక ఆటో డ్రైవరు బడి పిల్లవాణ్ణి ఎత్తుకుపోయి రెండు లక్షలు అడిగిన కేసులో, పిల్లవాడు క్షేమంగా దొరికాడు, కానీ ఈ మూడో భాగం రుజువు కాలేదంటూ సుప్రీంకోర్టు 2021లో షేక్ అహ్మద్ కేసు తీర్పులో యావజ్జీవాన్ని రద్దు చేసి, మామూలు అపహరణ కింద ఏడేళ్లకు మార్చింది. ఆ తీర్పు పొట్టిది, ఈ సెక్షన్‌ను అర్థం చేసుకోవడానికి దానంత సులువైనది లేదు. ఏ తీర్పులోనైనా ముద్దాయిని కొన్ని సెక్షన్ల కింద వదిలేశారని కనిపిస్తే, కేసు బలహీనమైందని వెంటనే అనుకోకండి. ఏ భాగానికి రుజువు తగ్గిందో ఆ పేరాలోనే రాసి ఉంటుంది.

శిక్ష భాగాన్ని వేరుగా చదవండి

దోష నిర్ధారణ, శిక్ష రెండూ వేర్వేరు నిర్ణయాలు, వాటికి వేర్వేరు విచారణలు ఉండాలి. సెషన్స్ జడ్జి ఎం.కె. చావ్లా 1979 ఏప్రిల్‌లో రంగా, బిల్లాలకు మరణశిక్ష వేశారు, అదే ఏడాది నవంబరులో ఢిల్లీ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. అప్పటికి "అరుదైనవాటిలోకెల్లా అరుదైన" అన్న కొలబద్ద ఇంకా లేదు. అది 1980 మే నెలలో బచన్ సింగ్ తీర్పుతో వచ్చింది. రంగా పెట్టుకున్న అప్పీలు అనుమతి పిటిషన్‌ను సుప్రీంకోర్టు 1980 డిసెంబరులో కొట్టివేసింది, ఆ మీదట అతను వేసిన రిట్ పిటిషన్ మీద 1981 ఏప్రిల్ 21న ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ రాసిన తీర్పులో సాక్ష్యాలను మళ్లీ తరచి చూసి, శిక్షను నిలబెట్టారు. అందులో ఈ ఇద్దరినీ వృత్తి హంతకులుగా పేర్కొంటూ, సమాజ క్రమానికే ముప్పు అని రాసిన భాగం చాలాచోట్ల ఉదహరిస్తారు. నన్నడిగితే ఆ తీర్పులో చదవవలసింది ఆ ఒక్క ఘాటైన వాక్యం కాదు, దానికి ముందు సాక్షి తర్వాత సాక్షిని పేర్చుకుంటూ పోయిన పేరాలు.

ఈ కాలపు తీర్పులో శిక్ష భాగం చదివేటప్పుడు ఒక పక్క నేరపు క్రూరత్వం గురించి రాసినవి, మరో పక్క ముద్దాయి వయసు, నేపథ్యం, మారే అవకాశం గురించి రాసినవి గుర్తు పెట్టుకోండి. రెండో పక్క ఖాళీగా ఉంటే ఆ మరణశిక్ష పైకోర్టులో నిలవడం కష్టం. ముద్దాయి మానసిక స్థితి, జైలు ప్రవర్తనల మీద నివేదికలు తెప్పించుకోవాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది కూడా. ఉరికీ, పద్నాలుగేళ్ల తర్వాత విడుదలకు అవకాశం ఉండే మామూలు యావజ్జీవానికీ మధ్య, శేష జీవితమంతా విడుదల లేని యావజ్జీవం అన్న దారి 2008లో స్వామి శ్రద్ధానంద కేసు నుంచి స్థిరపడింది. హన్మకొండలో 2019 జూన్‌లో తొమ్మిది నెలల పసికందును ఎత్తుకుపోయి చంపిన కేసులో రెండు నెలలు తిరగకముందే ఆగస్టులో ఉరిశిక్ష పడింది, నవంబరులో తెలంగాణ హైకోర్టు దాన్ని తుదిశ్వాస దాకా జైలుగా మార్చింది. నేరం రుజువు కాలేదని హైకోర్టు అనలేదు, శిక్ష మాత్రమే మారింది. "ఉరి రద్దు" అన్న శీర్షిక చూసి ముద్దాయి బయటపడ్డాడని అనుకున్నవారు నాకు చాలామంది తగిలారు.

వేగం గురించి ఒక మాట. హన్మకొండ కేసు వారాల్లో తేలింది, ఢిల్లీ కేసు కింది కోర్టులో ఏడు నెలలు పట్టింది, 2010 జనవరిలో విజయవాడలో పదేళ్ల పాపను కారులోంచి ఎత్తుకుపోయి, డ్రైవరును కూడా చంపిన కేసులో ముగ్గురికి యావజ్జీవం పడేసరికి 2018 జూన్ వచ్చింది. ఆలస్యం ఎక్కడ జరిగిందో తెలుసుకోవాలంటే తీర్పులో చూడకండి, ఈ–కోర్ట్స్‌లో వాయిదాల చరిత్ర అని ఉంటుంది, దాన్ని తెరవండి.

తీర్పు చివరి పేజీ తర్వాత

మరణశిక్ష పడితే హైకోర్టు ఖాయం చేసేదాకా అమలు కాదు. ముద్దాయి అప్పీలు వేయకపోయినా ఫైలు దానంతటదే పైకి పోతుంది. మన హైకోర్టుల్లో దీన్ని రిఫర్డ్ ట్రయల్ అని, ఆర్.టి. నంబరుతో నమోదు చేస్తారు, అప్పీలు నంబరుతో పాటు ఈ నంబరును కూడా రాసిపెట్టుకోండి, లేకపోతే హైకోర్టు తీర్పు వెతికినప్పుడు దొరకదు. ముద్దాయిని వదిలేస్తే గాని, తక్కువ నేరానికి శిక్షిస్తే గాని, పరిహారం చాలలేదనిపిస్తే గాని బాధిత కుటుంబం తానుగా అప్పీలు చేసుకోవచ్చు, ఆ హక్కు నాగరిక సురక్షా సంహిత 413వ సెక్షన్ కింద ఉంది. శిక్ష పెంచమని అడగడం మాత్రం ప్రభుత్వం చేతిలోనిది. పరిహారం సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగాలి, తీర్పులో దాని ప్రస్తావన లేకపోయినా దరఖాస్తు పెట్టవచ్చు.

రంగా, బిల్లా కేసులో చివరి కాగితం సాక్ష్యాల గురించినది కాదు, రాష్ట్రపతి క్షమాభిక్ష అధికారం గురించినది. ఆ విషయమై వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 1982 జనవరిలో కొట్టివేసింది, అదే నెల 31న తీహార్ జైలులో ఇద్దరినీ ఉరితీశారు. మీరు చదువుతున్న కేసుకు ఇలాంటి చివరి కాగితం ఇంకా రాకపోయి ఉంటే, ఈ–కోర్ట్స్‌లో ఆ కేసును సేవ్ చేసుకుని, రెండు మూడు నెలలకోసారి వాయిదా తేదీ చూస్తూ ఉండండి. జిల్లా కోర్టు తీర్పు ఆఖరి పేరాలో, అప్పీలు గడువు తీరాక ఎం.ఓ.1 నుంచి ఫలానా నంబరు దాకా ధ్వంసం చేయవలసిందని ఒక ఉత్తర్వు ఉంటుంది. ఆ నంబర్లలో బిడ్డ స్కూలు బ్యాగో, చెప్పులో ఉండి, కుటుంబం వాటిని తిరిగి కావాలనుకుంటే, ఆ గడువు లోపలే వకీలు చేత అదే కోర్టులో దరఖాస్తు వేయించాలి.